నోరు తెరిపించే మాట

మొన్న ఉరవకొండలో విత్తనాల మూటలు ఇచ్చే చోట నా బొటనవేలు నన్ను నలుగురిలో నిలబెట్టి పరువు తీసింది. నేను మిషను మీద వేలు పెట్టడం, అది కుదరదని కుయ్యిమనడం. పంచెకు తుడిచి పెట్టాను. నాలుకతో తడిపి పెట్టాను. దేవుణ్ణి తలుచుకుని పెట్టాను. నలభై ఏళ్ళు సైకిళ్ళకు పంక్చర్లు వేసిన వేలది. ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతున్నాననుకున్నాను గానీ, దాంతోపాటు నన్నూ రుద్దేసుకుంటున్నానని అప్పట్లో తెలీలేదు. మిషను ముందు కూర్చున్న పాప మాత్రం ఓపిగ్గా, "ఓకే రాలేదు తాతా, మళ్ళా పెట్టు" అంటోంది. వెనక ఎండలో నిలబడినవాళ్ళకు అంత ఓపిక లేదు.

"ఏమప్పా, ఏలు ఇంట్లో పెట్టి వచ్చినావా?" అన్నాడొకాయన.

"ఏలు తెచ్చినాన్నా. గీతలే ఎనక నడుచుకుంటా వస్తాండాయి. వచ్చేదాకా నిలబడుకో" అన్నాను.

వరసంతా నవ్వింది. ఎండలో నిలబడ్డవాణ్ణి నవ్వించడం ఒక్కటే నేను జన్మలో ఒళ్ళు దాచుకోకుండా చేసిన పని. ఆరోసారికో ఏడోసారికో పచ్చ లైటు వెలిగింది. "ఓకే వచ్చింది తాతా, మూట ఎత్తుకో" అంది పాప.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది. విత్తనాల మూట పక్కన నిలబడి ఎవరు ఓకే అన్నా నాకు మా అవ్వ గుర్తొస్తుంది. అవ్వ ఒక్కతే గుర్తొస్తే బాగుండేది. ఆమె పక్కన నేను కూడా గుర్తొస్తాను.

ఇప్పుడంటే ఆ మాట గాలికంటే చవకైపోయింది. కండక్టరు ఓకే అంటే బస్సు కదులుతుంది, డాక్టరు ఓకే అంటే రోగి కదులుతాడు. మా మనవరాలు ఫోనులో ప్రతిదానికీ అదే పంపుతుంది, అదీ సగం కొరికి ఒక్క అక్షరమే. నా చిన్నప్పుడు మా ఊళ్ళో అవుననిపించుకోవడం అంత సులువు కాదు. మీ పిల్లను మా వాడికి ఇస్తారా అని అడగడానికి వస్తే, మొదటిరోజు వక్కాకు నమిలి పంపేవాళ్ళు. రెండోసారి వస్తే వానల గురించి మాట్లాడేవాళ్ళు. మూడోసారి కాళ్ళరిగాక, "కానీలేప్పా" అనేవాళ్ళు. ఆ కానీలేప్పా ఒకసారి బయటపడిందంటే ఇక మనిషి పోయినా మాట పోయేది కాదు. "సూస్తాంలే" అంటే కుదరదని. "అయితాదిలే" అంటే వచ్చే ఏడు కనపడమని. తల ఊపితే, చెవులు పనిచేస్తున్నాయని మాత్రమే.

ఇట్లాంటి ఊళ్ళోకి ఓకేని తెచ్చినవాడు మా మామ, అమ్మకు తమ్ముడు. కదిరిలో ఒక లారీకి క్లీనరు. దేశమంతా తిరిగి నెలకోసారి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఒంటినిండా డీజిలు వాసన, నోటినిండా కొత్త మాటలు. వాటిలో మా ఊరి నీళ్ళు పడి బతికి బట్టకట్టింది ఇదొక్కటే. అమ్మ సంగటి ముద్ద పెడితే ఓకే. ఊరిమిండి పచ్చడి వేస్తే ఓకే. ఇంకో ముద్ద వెయ్యనా అంటే డబల్ ఓకే. ఈ పిల్లోనికి యాడన్నా గాలి సోకిందేమోనని అవ్వ మా అమ్మను పక్కకు పిలిచి అడిగింది.

అవ్వంటే నాయనను కన్న తల్లి. మనిషి చిన్నది, చెయ్యి పెద్దది. ఊళ్ళో విత్తనం కొలిచేది ఆమే. చేను గట్టు మీద నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కసారి చూసేది. ఎన్ని సేర్లు పడతాయో చెప్పేది. ఆమె కొలిచి మూట కట్టిందంటే, ఆఖరి సాలు విత్తాక సరిగ్గా ఒక గుప్పెడు మిగలాలి. ఆ గుప్పెడు ఎద్దుల నోటికి పెట్టాలి. మిగలకపోతే కొలిచినవాళ్ళ తప్పు. రెండు గుప్పెళ్ళు మిగిలినా తప్పే. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. దానికి ఆమె దుడ్లు తీసుకునేది కాదు. చేతిలో వక్కాకు పెట్టి, "నీ చెయ్యి మంచిదమ్మా" అనాలి. ఆ ముక్క కోసం ఎంత ఎండలోనైనా చెప్పుల్లేకుండా నడిచిపోయేది.

ముంగారు వానలకు ముందు నెలంతా మాకు విత్తనం వేరుశనగ కాయలు ఒలిచే పని. మధ్యాహ్నం ఎండ పొయ్యిలా మండుతుంటే వసారాలో గోనెపట్టా పరిచి, కాయల మీద నీళ్ళు చిలకరించి కూర్చునేవాళ్ళం. అవ్వ, నేను, మా అక్క, పక్కింటి ఇద్దరు పిల్లలు. తడిసిన తొక్క వాసన, గోనె వాసన, వాటి కింద ఎర్రమట్టి వాసన. ఆ మూడూ కలిస్తే వాన వచ్చేసిందేమోనని తల ఎత్తి ఆకాశం చూసేవాళ్ళం. అక్కడ ఏమీ ఉండేది కాదు. కాయ ముక్కు మీద బొటనవేలితో నొక్కాలి. గింజ మీది ఎర్రపొర చిట్లకూడదు. చిట్లిందంటే అది మొలవదు. అందుకే మిషన్లు లేవు, రాళ్ళు లేవు, అన్నీ వేళ్ళే. నెల తిరిగేసరికి అవ్వ బొటనవేలు పెన్నా నదిలో గులకరాయిలా నున్నగా అయ్యేది.

పని బాగానే ఉంది గానీ, తినకూడదు. కొత్త పంట వచ్చాక కడుపు పగిలేదాకా తినొచ్చు. విత్తనం తింటే మాత్రం పుట్టబోయే బిడ్డను తిన్నట్టేనని అవ్వ చెప్పేది. ఆ మాటకు మాకు భయం పుట్టాలి. మాకు ఆకలి పుట్టేది.

అందుకు అవ్వ ఒక ఉపాయం పన్నింది. కాయలు ఒలిచినంత సేపూ కథ చెప్పేది. ప్రతి మాటకూ మేము ఊ కొట్టాలి. ఎవరి ఊ వినపడకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. అందరూ కథ కోసమనుకునేవాళ్ళు. అసలు సంగతి, మా నోళ్ళు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోవడం. పాపం అవ్వకు తెలీనిదేమిటంటే, ఊ అనేది చేతకాని కాపలాదారు. పెదాలు మూసుకునే అనొచ్చు. నేను బుగ్గలో నాలుగేసి గింజలు దాచుకుని ఊ ఊ అంటూనే ఒక రాజును అడవికి పంపించాను, రాక్షసితో కొట్లాట పెట్టించాను, పెళ్ళి చేయించి ముసలివాణ్ణి చేశాను.

నా కొంప ముంచింది మామే. ఒక మధ్యాహ్నం వసారాలో పడుకుని మమ్మల్ని చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వాడు.

"అత్తా, వీళ్ళ ఊలు నమ్మొద్దు. నోరు మూసుకోని గూడా అనొచ్చు. ఓకే అనిపించు. నోరు తెరవకుంటే ఆ మాట రాదు."

అవ్వ నమ్మలేదు. మూతి మీద చెయ్యి పెట్టుకుని తనే ఆ మాట అని చూసుకుంది. ఓ. కే. ఇంకోసారి అంది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఔనురా. గుత్తి కోట వాకిలి తెరిసినట్ల తెరుసుకుంటాది."

ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టింది. "ఒక ఊర్లో ఒక రాజు" అంది. అందరూ ఓకే అన్నారు. నేనూ అన్నాను. నా ఓకేతోపాటు ఒక గింజ ఎగిరి పోయి అవ్వ కొంగు మీద పడింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో తీసి, వెలుతురుకు పెట్టి చూసి, నా పంటిగాట్లు లెక్కపెట్టి, "నీ ఓకే మొలకెత్తదులేరా" అని పక్కన పారేసింది.

అప్పట్నుంచి మా వసారాలో కథలన్నీ ఓకే మీదే నడిచాయి. రాజుగారికి పిల్లల్లేరని అవ్వ అంటే మేము ఓకే అనేవాళ్ళం. పిల్లల్లేకుంటే ఓకే ఏమిటిరా, అయ్యో అనండి అని పొయ్యి దగ్గర నుంచి అమ్మ కేకలు పెట్టేది. రాణి చచ్చిపోయినా ఓకే, ఊరు తగలబడినా ఓకే. లోకంలో ఇంగ్లీషు మాటను ఎలుకల బోనులాగా వాడినది మా అవ్వ ఒక్కతేనేమో.

ఓడిపోయినవాణ్ణి గనక నాకు ఆ మాట పుట్టుక తెలుసుకోవాలనిపించింది. శత్రువు ఊరేదో తెలిస్తే సగం గెలిచినట్టు గదా. బడిలో ఐవారిని అడిగాను. ఎక్కడో దూరదేశంలో, అంతా సరిగ్గా ఉంది అనే మాటను ఎవరో వేళాకోళానికి తప్పుడు అక్షరాలతో రాసి పొట్టి చేశారట. ఆ తప్పే లోకమంతా పాకిందట. నిన్న నాలుగు తప్పులు రాస్తే నాకు నాలుగు దెబ్బలు వేశారు, వాళ్ళ తప్పుకు మాత్రం లోకమంతా మర్యాదా ఐవారూ అన్నాను. ఐదో దెబ్బ పడింది. చదువు మీద నాకు విరక్తి కలగడానికి అనేక కారణాలున్నాయి, అందులో అదొకటి.

చర్చి వీధిలో ఒక తాత ఉండేవాడు. గుత్తిలో రైల్వే పని చేసి ఊరికి తిరిగొచ్చినవాడు. ఆ మాట పుట్టుక సంగతి తనకు తెలీదన్నాడు, వాడకం చెప్పాడు. గూడ్సు పెట్టెల కింద దూరి, చక్రాలు సుత్తితో తట్టి, అన్నీ బాగుంటేనే సుద్దముక్కతో పెట్టె మీద ఆ రెండక్షరాలు రాసేవాళ్ళట. "ఊరికే రాసేది కాదు నాయనా. సూసినోడే రాయల్ల. సూడకుండా రాస్తే యాడనో ఎవురో సచ్చిపోతారు" అన్నాడు. నేను ఓకే అని ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను.

వచ్చి ఇదంతా అవ్వకు చెబితే ఆమె తల కూడా ఎత్తలేదు. అది ఎక్కడ పుడితే మనకెందుకు, నోరు తెరిపిస్తుంది, అది చాలు అంది.

ఒలవడం అయిపోయింది. అవ్వ సేరుతో కొలిచి ఐదు మూటలు కట్టించి, గోడవారగా నిలబెట్టింది. ఇక వాన రావాలి. రాలేదు. ఎలుకలు మాత్రం వచ్చేవి. మూటల సందుల్లో దూరి చూడటానికి ఇంట్లో సన్నగా ఉన్నది నేనే గనక ఆ పని నాకు అప్పజెప్పారు. పొద్దునా సాయంత్రం మంచం మీద నుంచే అవ్వ అడిగేది, ఎలుకలు కొట్టలేదు గదరా అని. నేను లోపలినుంచి ఓకే అవ్వా అని అరిచేవాణ్ణి. నా నోటినుంచి ఆ మాట వింటే ఆమెకు భలే ముచ్చట. తను పెంచిన కోడిపుంజు కూసినట్టు మురిసిపోయేది.

మొదటి రెండు రోజులు నిజంగానే చూశాను. మూడోరోజు గోడవైపు మూట మూలన కుట్టు కాస్త వదులుగా కనిపించింది. రెండు వేళ్ళు పట్టాయి. నాలుగు గింజలు వచ్చాయి. పురికొసను మళ్ళీ లోపలికి నెట్టేస్తే ఏమీ తెలీలేదు. మరుసటిరోజు గుప్పెడు. ఆ తర్వాత జేబు నిండా. అవ్వ నా నోటికి కాపలా పెట్టింది గానీ, చేతికి పెట్టలేదు.

ఒక్కణ్ణే తిన్నా బాగుండేది. ఎండిపోయిన వంకలో రేకుడబ్బా పెట్టి, ఇసక వేసి, గింజలు వేయించి, బడి మానేసిన నలుగురికి పంచేవాణ్ణి. ఆ వాసనకు ఐదోవాడు వచ్చేవాడు, ఆరోవాడు వచ్చేవాడు. ఎర్రపొట్టు ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ తిని, ఒకడు నా భుజం తట్టి, "నీ చెయ్యి మంచిదిరా" అన్నాడు. అవ్వకు ఆ మాటంటే ఎందుకంత ఇష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఊరంతా వాన రమ్మని మొక్కుతుంటే, ఇంకో నాలుగు రోజులు ఆగమని నేను లోపల మొక్కుకున్నాను. దేవుడు ఊరి మాట పక్కన పెట్టి ఇరవై రోజులు నా మాటే విన్నాడు.

తర్వాత ఒక సాయంత్రం కుండపోతగా పడింది. తెల్లారేసరికి ఊళ్ళో ఒక్క ఎద్దు కూడా కొట్టంలో లేదు. మా నేలలో పదును రెండు రోజులకు మించి నిలవదు. ఆ రెండు రోజుల్లో విత్తుకున్నవాడే రైతు, లేనివాడు వచ్చే వానదాకా మామూలు మనిషి. నాయన గొర్రు తోలుతున్నాడు. అమ్మ దాని వెంట నడుస్తూ, గొర్రు మీది కొయ్యచిప్పలో గింజలు పోస్తోంది. పక్క చేనువాళ్ళు తమ పని అయిపోయి మా గట్టున కూర్చుని వక్కాకు వేసుకుంటున్నారు. ఐదో మూట ఎత్తేటప్పుడు ఇదేంది వదులుగా ఉండాది అన్నాడు నాయన. కుదురుకుందిలే అంది అమ్మ. నేను ఎద్దు తోక చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రానికి గుట్టకింది చేని తుండులో పన్నెండు సాళ్ళు మిగిలి ఉండగా అమ్మ చెయ్యి ఆగిపోయింది.

అప్పటికి అవ్వ గట్టుమీదికి వచ్చేసింది. ఎప్పుడూ వచ్చినట్టే, మిగిలే గుప్పెడు గింజలు పట్టడానికి దోసిలి సిద్ధం చేసుకుని వచ్చింది. నాయన గోనె తిరగేసి విదిలించాడు. దుమ్ము రాలింది. గోనె అడుగంతా తడిమి చూశాడు, ఎలుక కొట్టిన చిల్లేమైనా ఉందేమోనని. లేదు. కుట్టు కుట్టులాగే ఉంది. ఊళ్ళో ఆ పూట విత్తనం అప్పిచ్చేవాడెవడూ లేడు, ఎవడి గింజ వాడి చేతిలో ఉంది.

నాయన కోప్పడి ఉంటే బాగుండేది. చాలా మెత్తగా అన్నాడు. "నీ చెయ్యి తప్పినాదిమ్మా."

గట్టున కూర్చున్నవాళ్ళు నమలడం ఆపారు. అవ్వ నా వైపు తిరిగింది.

"మూటలు సూసినావు గదరా?"

"ఓకే అవ్వా" అన్నాను.

నా కళ్ళు చూడలేదు ఆమె. నా నోరు చూసింది. వసారాలో చూసినట్టే, పెదాల నుంచి నాలుక దాకా. నోరు ఖాళీగానే ఉంది. అంతకంటే గట్టి సాక్ష్యం ఆమె దగ్గర లేదు మరి. నాయన వైపు తిరిగి, "ఔనులే. నాదే తప్పినాది. వయసైనాది గదా" అంది. దోసిలి విప్పి, ఆ ఖాళీ చేతులతోనే రెండు ఎద్దుల మూతులూ నిమిరి, ఇంటిదారి పట్టింది.

ఆ తర్వాత ఆ ఏడు మళ్ళీ చుక్క రాలలేదు. విత్తిన చేనూ ఎండింది, విత్తని పన్నెండు సాళ్ళూ ఎండాయి. లెక్క చూస్తే నేను తిన్నదానివల్ల పంటకు వచ్చిన నష్టమేమీ లేదు. ఈ లెక్కతో నన్ను నేను చాలా ఏళ్ళు సముదాయించుకున్నాను.

విత్తిన నాలుగు రోజులకు అవ్వ బట్టలు ఉతకడానికి కూర్చుంది. నా నిక్కరు జేబు తిరగేసి విదిలిస్తే ఎర్రపొట్టు రాలింది. పొడి పొడిగా, చాలా. నేను తలుపు పక్కన ఉన్నాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. పిలిస్తే పలికే దూరం. అవ్వ ఆ పొట్టును చూసింది, కాలితో మట్టిలోకి తోసింది, రెండు చెంబుల నీళ్ళు పోసింది. "జోబుల్లో ఏమీ పెట్టుకోవద్దురా. బట్ట సెడిపోతాది" అంది. అంతే. నాయనను పిలవలేదు.

మరుసటేడు సేరు మా పెద్దమ్మ చేతికి వెళ్ళింది. పక్క ఊళ్ళనుంచి అవ్వ కోసం ఎవరూ రాలేదు. ఒకరిద్దరు దారిలో కనిపించి, బాగుండావామ్మా అని అడిగి, విత్తనం ఊసెత్తకుండా పోయారు. ఆమె మాత్రం కాయలు ఒలవడానికి ఎప్పటిలాగే గోనె మీద కూర్చుంది. కథ మొదలుపెట్టింది. మేము అలవాటుగా ఓకే అన్నాం.

"ఊ అనండి, సాలు" అంది.

నోట్లో ఏమన్నా పెట్టుకుంటే నీకెట్లా తెలుస్తుంది అవ్వా అని మా అక్క అడిగింది. అవ్వ నా వైపు చూడలేదు. కాయ నొక్కుతూనే చెప్పింది. "పెట్టుకుంటే పెట్టుకుంటారులే. పిల్లోళ్ళ నోర్లు."

ఆ నెలంతా నేను ఒక్క గింజ తినలేదు. అది చూసి మెచ్చుకునేవాళ్ళు లేరు. అవ్వ ఇంకో రెండు వేసవులు ఉంది. చెబుదామని ఎన్నోసార్లు ఆమె పక్కన చేరేవాణ్ణి. దగ్గరికి పోయాక ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. ఆమె నవ్వేది. నవ్వించేశాను గదా, ఇక చెప్పే పనేముందిలే అనుకునేవాణ్ణి. నాకు హాస్యం అబ్బింది అట్లాగే.

తర్వాత బడి మానేశాను, కదిరిలో పంక్చర్ల అంగడి పెట్టుకున్నాను. నాయన ముసలితనంలో నా దగ్గరే ఉండేవాడు. అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే ఆటోలు చూస్తూ, మధ్యమధ్య పాత చేలన్నీ ఒక్కొక్కటే తలుచుకునేవాడు. ఒకరోజు నేను ట్యూబును నీళ్ళ తొట్లో ముంచి బుడగలు చూస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"మీ అవ్వ చెయ్యి జన్మలో ఒక్కసారే తప్పినాదిరా. ఆపొద్దు నేను నలుగుర్లో ఆ మాట అనుండకూడదు. కొలిచింది సరిగ్గానే ఉండెనేమో అని ఇప్పుడు అనిపిస్తాది. అడుగుదామంటే ఆమె ల్యాకపాయె." నా వైపు తిరిగాడు. "చెయ్యి తప్పిందనే అంటావా?"

ఆయన మోసుకుని తిరుగుతున్న బరువు నాదని నాకు ఆ క్షణందాకా తెలీదు. దించడానికి నాలుగు మాటలు చాలు. వినేవాడు ఎదురుగా ఉన్నాడు. తిట్టే వయసు కూడా దాటిపోయాడు. ట్యూబులోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. నా నోట్లో ఒక్క గింజ కూడా లేదు.

"ఊ" అన్నాను.

దానికి నోరు తెరవాల్సిన పనిలేదు.